కూతవేటు

మా రిబలోంగ ఎంత ఊరని ఎవరైనా అడిగితే
మా నాన్న చేతులు చాపి చూపించేవాడు కాదు.
వంతెన మీద నిలబడి ఒక కేక పెట్టేవాడు.
చర్చి మెట్ల దగ్గర చేపలమ్మే మనిషి తల తిప్పేది.
"అదీ, అంత" అనేవాడు.

తర్వాత కార్లొచ్చాయి.
ఊరు పెరగలేదు,
కేకే పొట్టిదైపోయింది.

పద్దెనిమిదేళ్ళు నేను ఆ కార్లకు చీటీలు రాశాను.
నడుముకి మిషను, నెత్తిన టోపీ,
టోపీ అంచు మీంచి మెడలోకి జారే గలీసియా వాన.
రాతి వసారాల కింద నిలబడి చూసేవాణ్ణి:
రొట్టె కోసం రెండు వందల గజాలు కారులో వచ్చి,
కారు పెట్టే చోటు కోసం మూడుసార్లు ఊరు చుట్టి,
చివరికి వాళ్ళింటి ముందే ఆపి
నడిచి వచ్చేవాళ్ళు.
నవ్వొద్దు.
చీటీలు రాయడానికి నేనూ కారులోనే వచ్చేవాణ్ణి.

మనుషులు నాకు తెలీదు, నెంబర్లు తెలుసు.
రెండు రెండు ఆరు ఆరు: కసాయి ఫూకో వ్యాను,
తలుపు సందులోంచి ఎప్పుడూ రక్తపు చుక్క.
నాలుగు సున్నా ఒకటి తొమ్మిది:
వెనకద్దం మీద పావురం రెట్ట,
మంగళవారం, మందుల షాపు,
గడువు దాటి ఐదు నిమిషాలు.
పదకొండేళ్ళలో ఆ ఐదు నిమిషాలు
నాలుగు కాలేదు, ఆరూ కాలేదు.

ఒక్క ఓటు తేడాతో
కూడలిలోకి కార్లు రాకూడదన్నారు.
ఫూకో షట్టరుకి నల్లగుడ్డ కట్టాడు.
"నడిచొచ్చేవాడు కిలో కొంటాడా?
మోసేది వాడి చెయ్యి, అరకిలోనే కొంటాడు!"
నిజమే, అరకిలోనే కొంటున్నారు.
రోజూ వచ్చి కొంటున్నారు.
ఇప్పుడు ఫూకో గోల వేరు:
ఒక్కొక్కరూ అత్తగారి ఆపరేషన్ దాకా చెప్పందే కదలరట,
కత్తి పట్టే తీరిక లేదట.

మొదటి వారం అందరికీ చెవులు కొత్తగా మొలిచినట్టుంది.
ఫౌంటెన్ ఇన్నాళ్ళూ పారుతూనే ఉందని తెలిసింది.
మధ్యాహ్నం కునుకులో గురక పెట్టేది
బ్యాంకు మేనేజరని తెలిసింది.
మూడో అంతస్తులో ఎవరో
ఒకే పాటను ఒకే చోట తప్పు వాయిస్తారని కూడా.

ఆ కొండ మీది అమారో మాత్రం
చెస్ట్‌నట్ బస్తా నా కాళ్ళ దగ్గర ధన్‌మని దించాడు.
పాత రంపపు మిల్లు దగ్గర బండి వదిలి
తొమ్మిది నిమిషాలు మోసుకొచ్చాడు.
"మీ కాళ్ళకి ఊరుంది,
నా కాళ్ళకి కొండుంది.
నాకు బస్సేదీ?"
గురువారాలకని చిన్న కరెంటు బండి ఇచ్చారు.
రెండో గురువారమే అది మొరాయించింది.
నా దగ్గర జవాబు లేదు.
బస్తా రెండో చెవి పట్టుకున్నాను.

ఇప్పుడు నా ఉద్యోగం ఒక తాళంచెవి.
అంబులెన్సు వస్తే, శవాల బండి వస్తే
ఇనప గుంజలు నేలలోకి దించాలి,
మళ్ళీ లేపాలి.
మిగతా రోజంతా ఖాళీ చేతులు.
జేబులో వేలు ఇంకా చీటీలు రాస్తూ ఉంటుంది.

నవంబరు. మంగళవారం.
వంతెన పక్క మందుల షాపు గుమ్మంలో
ఎవరో గొడుగు మరిచారు.
వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది.
పొడుగు కోటు మనిషి,
ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ
అప్పటికే చర్చి దాకా వెళ్ళిపోయింది.
ఆ కాలుంటే ఐదు నిమిషాలు ఆలస్యం కాదూ మరి!
పిలవాలి. పేరు?
పేరెప్పుడు రాశాను కనక?

నోట్లోంచి ఊడిపడింది:
"నాలుగు సున్నా ఒకటి తొమ్మిదీ!"

ఫౌంటెన్ దగ్గర పిల్లలు ఆగారు.
ఫూకో కత్తి ఆగింది.
అక్కడ, చర్చి మెట్ల దగ్గర,
ఆవిడ తల తిప్పింది.

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని
అటునుంచి అరిచింది,
"ఒబ్దూలియా!"

అంత.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.
గొడుగు చంకలో పెట్టుకుని నడిచాను,
తెరవకుండా.
పరాయి గొడుగు కదా.